ఎన్ని గంటలు ఆగగలరు? డెల్టా చిన్న పరిశ్రమల సైబర్ ముప్పును పోల్చడం ఎలా

భీమవరం నుంచి ఏ రోడ్డు పట్టుకుని వెళ్లినా ఒక రైస్ మిల్లు, ఒక రొయ్యల ఫ్యాక్టరీ, ఇంకాస్త ముందుకు పోతే రొయ్యల మేత తయారుచేసే ఒక ఫీడ్ మిల్లు తగులుతాయి. సైబర్ దాడి జరిగితే ఈ మూడింటిలో ఎక్కువ దెబ్బతినేది ఏదని అడిగితే, కంప్యూటర్లు ఎక్కువ ఉన్నదేనని చాలామంది ఠక్కున చెబుతారు. మిల్లు యజమానుల ధీమా కూడా అక్కడి నుంచే వస్తుంది. మా దగ్గర ఉన్నవే రెండు కంప్యూటర్లు, ఒకదాంట్లో లెక్కలు రాసే టాలీ, ఇంకోదాంట్లో కాటా లెక్క, మమ్మల్ని హ్యాక్ చేసి ఎవరేం బావుకుంటారు అంటారు.

అయితే దాడి చేసేవాళ్లు చాలాసార్లు కంపెనీ పేరు చూసి రారు. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న తలుపుల కోసం వాళ్ల ప్రోగ్రాములు రాత్రింబవళ్లు వెతుకుతూనే ఉంటాయి. తలుపు దొరికితే దూరతాయి. లోపల ఉన్నది ధాన్యం మిల్లా, ఆసుపత్రా అన్నది తర్వాత సంగతి. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే ప్రోగ్రాము) 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లకు తాళాలు వేసింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది పోలీసుల మీద పగతో వచ్చింది కాదు. అప్‌డేట్ చేయని విండోస్ ఎక్కడుంటే అక్కడికి పాకింది.

అందుకని ‘మమ్మల్ని ఎవరు ఎంచుకుంటారు’ అన్న ప్రశ్నతో రెండు కంపెనీలను పోల్చలేం. అప్పిచ్చే బ్యాంకుకు, బీమా కంపెనీకి, సరుకు కొనే విదేశీ వ్యాపారికి, రెండు మూడు యూనిట్లున్న యజమానికి ఈ పోలిక నిజంగా అవసరం. దాన్ని ఏ కొలతతో చేయాలన్నదే చిక్కు.

వాడుకలో ఉన్న కొలతల్లో మొదటిది టర్నోవర్. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం యంత్రాల మీద పెట్టుబడి రూ.25 కోట్లు, టర్నోవర్ రూ.100 కోట్లు దాటనిదంతా చిన్న పరిశ్రమే. పదిహేను మందితో నడిచే మిల్లూ, మూడు వందల మంది ఆడవాళ్లు రొయ్య తలలు తీసే ఫ్యాక్టరీ కూడా ఒకే గాటన పడతాయి. రెండో కొలత, ఇంతవరకు ఎన్నిసార్లు దాడి జరిగిందన్నది. ఇది ఇంకా మోసం. లాగిన్ల రికార్డు ఉంచుకునే కంపెనీకి నిరుడు మూడుసార్లు ఎవరో ప్రయత్నించారని తెలుస్తుంది. ఏ రికార్డూ లేని కంపెనీ సున్నా అని రాస్తుంది. సున్నా రాసినవాళ్లకే మంచి మార్కులు పడతాయి. మూడోది, కొనుగోలుదారులు పంపే ప్రశ్నపత్రం. ఫైర్‌వాల్ ఉందా, ఉంది. యాంటీవైరస్ ఉందా, ఉంది. బ్యాకప్ తీస్తున్నారా, తీస్తున్నాం. అన్ని కంపెనీలూ అన్నిటికీ ఉంది అనే టిక్కు పెడతాయి, పోల్చడానికి ఏమీ మిగలదు.

వీటన్నిటికంటే గడియారం మెరుగైన కొలత. ప్రతి కంపెనీకి రెండు అంకెలు వేసుకోవాలి. కంప్యూటర్లు పూర్తిగా ఆగిపోతే, కోలుకోలేని నష్టం మొదలయ్యేలోపు ఎన్ని గంటలు ఓర్చుకోగలదు అన్నది మొదటిది. ఆగినదాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఎన్ని గంటలు పడుతుంది అన్నది రెండోది. ఓర్చుకునే గంటలకంటే తేరుకునే గంటలు ఎంత ఎక్కువైతే ముప్పు అంత పెద్దది. ఈ రెండు అంకెలు వేశాక, బయటివాళ్లు లోపలికి రావడానికి ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టాలి.

మిల్లు గడియారం సీజన్‌ను బట్టి తిరుగుతుంది

రైస్ మిల్లులో యంత్రాలు నడవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఊక తీసే మిషను, పాలిషరు, ఎలివేటర్లు ప్యానెల్ బోర్డు మీద బటన్లతో నడుస్తాయి. కాస్త తెలివైన యంత్రం అంటే నల్ల గింజను, రాయిని ఏరే సార్టెక్స్. దానికి లోపల కెమెరాలు, కంప్యూటరు ఉంటాయి. ఆఫీసులో టాలీ మొత్తం పోయినా ఆ రోజు ధాన్యం ఆడకుండా ఆగదు.

ఆగేది గేటు దగ్గర. పన్ను పడే సరుకు విలువ రూ.50 వేలు దాటితే ఈ-వే బిల్లు (రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే అనుమతి పత్రం) ఉండాలి, లేకపోతే లారీని రోడ్డెక్కించలేరు. టర్నోవర్ రూ.5 కోట్లు దాటినవాళ్లలో బియ్యాన్ని వ్యాపారులకు పన్ను వేసి అమ్మేవాళ్లకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ కూడా తప్పనిసరి. పోర్టల్ ప్రభుత్వానిదే కాబట్టి ఇంకో కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యి బిల్లు తీయొచ్చు. అయితే ఆ పాస్‌వర్డ్ గుమాస్తా కంప్యూటర్లోనే సేవ్ అయి ఉండి, రిజిస్టర్ అయిన ఫోన్ నంబరు మూడేళ్ల కిందట మానేసిన అకౌంటెంటుదైతే, చిన్న పని పెద్ద టెన్షన్ అవుతుంది.

ఇప్పుడు గంటల సంగతి. సార్వా (ఖరీఫ్) నాట్లు పడి ధాన్యం రాకపోకలు తగ్గే ఆగస్టులో మిల్లు కంప్యూటర్లు వారం ఆగినా తట్టుకోవచ్చు. అదే మిల్లు దాళ్వా (రబీ) కోతలప్పుడు ఒక్క రోజు కూడా ఆగలేదు. మిషన్‌తో కోసిన ధాన్యం పచ్చిగా వస్తుంది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, కాటా తూకం నమోదు కాకపోతే ఎవరి బస్తాలు ఎన్ని, ఎంత తరుగు, ఎవరికి ఎంత బాకీ అన్నది కాగితం మీదికి పోతుంది. అకాల వర్షం పడితే ఆ వరుస మొత్తం తడుస్తుంది. ఒకే కంపెనీ, ఒకే రెండు కంప్యూటర్లు. ఆగస్టులో 150 గంటలకు పైగా ఓర్చుకునేది ఏప్రిల్‌లో ఇరవై గంటలకు పడిపోతుంది. ఏడాదికి ఒకసారి ఒక మార్కు వేసి ఫైల్లో పెట్టుకునే పద్ధతి మన ప్రాంతపు పరిశ్రమలకు అస్సలు సరిపోదు.

ఒకే రకం కంపెనీల మధ్య తేడా ఎంత పెరగగలదో కూడా మిల్లుల్లోనే బాగా తెలుస్తుంది. మండపేటలో పక్కపక్కనే రెండు మిల్లులు ఉన్నాయనుకుందాం. యంత్రాలు, టర్నోవర్, టాలీ అన్నీ సమానమే. ఇద్దరూ హార్డ్‌డిస్క్‌లో బ్యాకప్ తీస్తారు. మొదటాయన శనివారం సాయంత్రం బ్యాకప్ తీసి హార్డ్‌డిస్క్ ఊడదీసి ఇంటి బీరువాలో పెడతారు. రెండో మిల్లులో అది ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించే ఉంటుంది. రాన్సమ్‌వేర్ వస్తే మొదటి మిల్లు కొత్త కంప్యూటర్ తెచ్చుకుని, వారం రోజుల బిల్లులు కాగితాలు చూసి మళ్లీ ఎక్కించుకుని మూడు నాలుగు రోజుల్లో తేరుకుంటుంది. రెండో మిల్లులో తగిలించి ఉన్న హార్డ్‌డిస్క్‌కు కూడా తాళం పడుతుంది, సీజన్ లెక్కంతా మొదటి నుంచి రాయాలి. అది వారాల పని. ప్రశ్నపత్రంలో మాత్రం ఇద్దరూ ‘బ్యాకప్ ఉంది’ అనే రాస్తారు. గోదారికి వరదొస్తుందంటే విత్తనాల బస్తా అటక మీదికి ఎక్కించే ఊళ్లివి. నీళ్లు అందని చోట దాచుకోవాలన్న తెలివిడి ఇక్కడ ఎవరూ నేర్పక్కర్లేదు, హార్డ్‌డిస్క్‌కు దాన్ని వర్తింపజేయడమే మిగిలింది.

రొయ్య పాడవదు, కాగితం పోతుంది

రొయ్యల ప్రాసెసింగ్ ఫ్యాక్టరీ గురించి మాట్లాడగానే అందరి మనసూ ఫ్రీజర్ల మీదికి పోతుంది. ఎవరో హ్యాకర్ దూరం నుంచి కోల్డ్ స్టోరేజీ ఆపేస్తే కోట్ల సరుకు కరిగిపోదా అన్న భయం. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. కొత్త ప్లాంట్లలో అమ్మోనియా కంప్రెసర్లను పీఎల్‌సీలు (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్లు) నడుపుతున్నాయి, ఉష్ణోగ్రతలు ఆఫీసు తెర మీద కనిపిస్తున్నాయి. కానీ కంప్రెసర్ గదిలో అనుభవమున్న ఆపరేటర్ ఉంటే ఆటోను మాన్యువల్‌కు మార్చి నడపగలడు. తలుపులు తీయకుండా ఉంచితే మైనస్ 18 డిగ్రీల గది కొన్ని గంటలు చలిని పట్టి ఉంచుతుంది. కరెంటు కోతలు, తుపాన్లు చూసిన ఫ్యాక్టరీలకు ఇది కొత్త కాదు, జనరేటర్లు ఎటూ ఉంటాయి. చేత్తో నడపడం తెలిసిన మనిషి రాత్రి షిఫ్టులోనూ ఉన్నాడా లేడా అన్నదే ఇక్కడ రెండు ప్లాంట్లను వేరుచేస్తుంది.

అసలు దెబ్బ రికార్డుల దగ్గర తగులుతుంది. ఎగుమతి అయ్యే రొయ్య వెనక పెద్ద కాగితాల తోక ఉంటుంది. ఏ చెరువు నుంచి వచ్చింది, పట్టుబడికి ముందు యాంటీబయాటిక్ పరీక్షలో ఏం తేలింది, ఏ లాట్ నంబరులో కలిసింది, ఏ గంటకు ఏ ఉష్ణోగ్రత ఉంది, మెటల్ డిటెక్టర్ సరిచూశారా, అన్నీ రాసి ఉండాలి. అమెరికా అయితే 2018 డిసెంబరు 31 నుంచి దిగుమతయ్యే రొయ్యకు మూలం ఎక్కడో చూపించే వివరాలు అడుగుతోంది. ఈ వివరాలున్న కంప్యూటర్‌కు తాళం పడితే, గదిలో రొయ్య నిక్షేపంగా ఉన్నా కంటైనర్ కదలదు. ఓడ తప్పిపోతుంది, ఎల్‌సీ (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) గడువు దాటుతుంది, లాట్ నంబరు నిరూపించలేని సరుకును తక్కువ ధరకు లోకల్‌గా వదిలించుకోవాలి.

యంత్రాల మీద చెయ్యి పడకుండానే వ్యాపారం ఆగిపోవడం అమెరికాలో పెద్ద కంపెనీలకే జరిగింది. 2021 మే నెలలో కలోనియల్ పైప్‌లైన్ కంపెనీలో హ్యాకర్లు దూరింది ఆఫీసు నెట్‌వర్క్‌లోకి. వాడకం మానేసినా మూయకుండా వదిలేసిన ఒక రిమోట్ లాగిన్, దానికి ఓటీపీ లాంటి రెండో తాళం కూడా లేదు. పైపులైన్ నడిపే వ్యవస్థలోకి కూడా పాకుతుందేమోనని కంపెనీయే పైపులైన్ ఆపేసింది. తూర్పు రాష్ట్రాల్లో పెట్రోలు బంకుల దగ్గర క్యూలు కట్టారు, కంపెనీ సుమారు 44 లక్షల డాలర్లు ముట్టజెప్పింది. అదే నెలాఖరున జేబీఎస్ అనే మాంసం కంపెనీ ప్లాంట్లు ఆగిపోయాయి, అది 1.1 కోట్ల డాలర్లు కట్టింది. తాజా మాంసానికి, తాజా రొయ్యకు గడియారం ఒకే తీరులో నడుస్తుంది. ఐస్‌లో పెట్టిన పచ్చి సరుకు వచ్చాక ఫ్యాక్టరీ యజమానికి బేరమాడే సమయం ఉండదు. డబ్బు గుంజేవాళ్లకు అదే బలం.

ఎగుమతిదారులకు ఇంకో ప్రమాదం ఉంది, దీనికి వైరస్ కూడా అక్కర్లేదు. కొనుగోలుదారుకు వెళ్లే మెయిళ్లను ఎవరో కొన్ని వారాలు చదివి, బిల్లు పంపే సమయానికి ‘మా బ్యాంకు ఖాతా మారింది, డబ్బు దీనికి పంపండి’ అని అదే భాషలో, ఒక్క అక్షరం తేడా ఉన్న చిరునామా నుంచి రాస్తారు. ఒక కంటైనర్ డబ్బు అలా పోతే చిన్న ఎగుమతిదారు ఏడాది లాభం పోయినట్టే. ఖాతా మార్పు గురించి ఏ మెయిల్ వచ్చినా, పాత నంబరుకు ఫోన్ చేసి గొంతు విని నిర్ధారించుకోవాలన్న నియమాన్ని ఇద్దరూ ముందే రాసుకుంటే పైసా ఖర్చు లేదు. ఈ నియమం ఉన్న ఎగుమతిదారుకు, లేనివారికి మధ్య తేడా లక్షల రూపాయల ఫైర్‌వాల్ తెచ్చే తేడా కంటే ఎక్కువని చెప్పాలి.

ఆగిపోకుండా జరిగే నష్టం

ఫీడ్ మిల్లు దగ్గరికి వచ్చేసరికి గడియారం ఒక్కటే చాలదు. అక్కడ సోయా, చేపపొడి, పిండి, ఖనిజాలు, విటమిన్లు ఏది ఎన్ని కిలోలు పడాలో బ్యాచింగ్ కంప్యూటర్ చెబుతుంది. ఆ ఫార్ములా కంపెనీకి ప్రాణం. అది దొంగిలిస్తే పోటీదారుకు లాభం. దొంగిలించకుండా ఒక అంకె మార్చినా, పొరపాటున మారినా, మిల్లు ఆగదు, బస్తాలు కుట్టుకుంటూ పోతూనే ఉంటాయి. పది పదిహేను రోజుల తర్వాత చెరువు గట్టు మీద రైతుకు తెలుస్తుంది, రొయ్య ఎదగడం లేదని. అప్పటికి ఆ మేత ఎన్ని ఊళ్లకు వెళ్లిందో లెక్క తీయాలి. కాబట్టి ఫీడ్ మిల్లులను పోల్చేటప్పుడు ఫార్ములాను ఎవరెవరు మార్చగలరు, మార్చితే ఎక్కడ నమోదవుతుంది, కాగితం మీది ఫార్ములాతో ఎవరు సరిపోల్చి చూస్తారు అని అడగాలి. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉన్న చోట ఎవరు మార్చారన్నది ఎప్పటికీ తేలదు.

ఐస్ ఫ్యాక్టరీలు, అంబాజీపేట చుట్టూ ఉన్న కొబ్బరి పీచు యూనిట్లకు యంత్రాల వైపు సైబర్ ముప్పు దాదాపు లేదు. వాళ్ల ముప్పంతా యజమాని సెల్‌ఫోన్‌లో ఉంటుంది: యూపీఐ, ఓటీపీ, బ్యాంకు పేరుతో వచ్చే లింకులు.

లోపలికి దారులు

ఒక సంగతి చాలా ప్లాంట్లలో ఎవరూ పట్టించుకోరు. యంత్రం అమ్మిన కంపెనీ ఇంజినీరు ప్రతిసారీ రాలేడు కాబట్టి, ప్యానెల్ బోర్డులో ఒక 4జీ మోడెమ్ పెట్టి లేదా దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ అనే సాఫ్ట్‌వేర్ వేసి వెళతారు. రిపేరు అయిపోతుంది, ఆ దారి తెరిచే ఉంటుంది. 2023 నవంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో అలిక్విప్పా అనే చిన్న ఊరి నీటి సరఫరా సంస్థ పీఎల్‌సీని హ్యాకర్లు పట్టుకున్నారు. ఆ రకం పీఎల్‌సీలకు ఫ్యాక్టరీ నుంచి వచ్చే పాస్‌వర్డ్ 1111. అది మార్చండి, ఇంటర్నెట్ నుంచి తప్పించండి అని అక్కడి ప్రభుత్వం తర్వాత అందరికీ చెప్పింది. సిబ్బంది పంపును చేత్తో నడిపి నీళ్లిచ్చారు కాబట్టి ఊరు ఇబ్బంది పడలేదు.

ఇంకో దారి పాత విండోస్. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. కాటా సాఫ్ట్‌వేరో, యంత్రం సాఫ్ట్‌వేరో కొత్త విండోస్‌లో పనిచేయదు కాబట్టి చాలా యూనిట్లు పాతదాన్నే ఉంచుకుంటాయి. దీన్ని తప్పుపట్టలేం, యంత్రం మార్చాలంటే లక్షలు కావాలి. కానీ ఆ పాత కంప్యూటర్‌లోనే మెయిళ్లు, యూట్యూబ్ చూడటం వేరే సంగతి. ఆఫీసు వైఫై, సీసీ కెమెరాలు, కాటా, పీఎల్‌సీ అన్నీ ఒకే రౌటర్ మీద ఉంటే అది లాకుల్లేని కాలువ. ఎక్కడ నీరు పోటెత్తినా చివరిదాకా పోతుంది. ఉన్న రెండు కంప్యూటర్లలో యంత్రానిది ఇంటర్నెట్‌కు తగలకుండా విడిగా ఉంచిన మిల్లు, అన్నీ కలిపేసిన కొత్త ప్లాంటు కంటే భద్రంగా ఉండొచ్చు.

ఒక్కో కంపెనీని విడిగా చూస్తే కనిపించనిది

పై కొలతలన్నీ ఒక్కో కంపెనీకి విడివిడిగా వేసేవి. డెల్టాలో అంతకంటే పెద్ద ముప్పు వాటి మధ్యలో ఉంది. ఒక టౌన్లో ముప్పై నలభై యూనిట్లకు కంప్యూటర్లు చూసే కుర్రాడు ఒక్కడే ఉంటాడు. గుర్తుండాలని అన్ని చోట్లా ఒకే ఎనీడెస్క్ పాస్‌వర్డ్ పెడతాడు. అదే యూనిట్లలో సగం మందికి ఆడిటర్ కూడా ఒక్కరే. జీఎస్టీ, ఆదాయపు పన్ను పాస్‌వర్డులు ఒక ఎక్సెల్ షీట్‌లో, యజమానుల డిజిటల్ సంతకం ఉండే, పెన్‌డ్రైవ్ లాంటి డాంగిల్స్ ఒక డబ్బాలో ఆడిటర్ ఆఫీసులోనే ఉంటాయి. ఎవరూ దురుద్దేశంతో చేస్తున్నది కాదు, పని తేలికవడానికి, నమ్మకంతో చేస్తున్నది. కానీ ఆ ఒక్క కుర్రాడి ల్యాప్‌టాప్, ఆ ఒక్క ఆఫీసు కంప్యూటర్ చేజారితే నలభై కంపెనీలూ ఒకే రోజు పడతాయి. ప్రధాన కాలువకు గండి పడ్డాక ఎవరి బోదె గట్టు ఎంత గట్టిదన్న ప్రశ్నే ఉండదు.

దీనికి పెద్ద ఉదాహరణ 2017 జూన్ నాటి నాట్‌పెట్యా అనే వైరస్. ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలకు వేల కంపెనీలు వాడే ఎం.ఇ.డాక్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోనే హ్యాకర్లు దాన్ని దూర్చారు. ఆ సాఫ్ట్‌వేర్ వాడడమే ఆ కంపెనీలు చేసిన పొరపాటు. అది అక్కడితో ఆగక మెర్స్క్ షిప్పింగ్ కంపెనీని పట్టుకుంది, దానితో ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఒక టెర్మినల్ పని దెబ్బతింది. కంటైనర్ మీద బతికే మన ఎగుమతిదారులకు ఇది దూరపు కథ కాదు.

కాబట్టి పోలికలో ఒక వరుస అదనంగా ఉండాలి: ఈ కంపెనీ తాళంచెవులు బయట ఎవరి దగ్గర ఉన్నాయి, అదే మనిషి దగ్గర ఇంకెందరివి ఉన్నాయి. రైస్ మిల్లర్ల సంఘమో, ఎగుమతిదారుల సంఘమో పూనుకుని, సర్వీసు చేసేవాళ్లు ప్రతి యూనిట్‌కు వేరే పాస్‌వర్డ్ పెట్టాలని, పని ఉన్నప్పుడే యూనిట్ వాళ్లు ఎనీడెస్క్ తెరవాలని ఒక మాట అనుకుంటే, ఏ ఒక్క యజమానీ విడిగా సాధించలేనిది జరుగుతుంది. డాంగిల్‌ను ఎవరి బీరువాలో వాళ్లు పెట్టుకోవడం కూడా అలాంటిదే.

చట్టం వైపు నుంచి కూడా గంటలే లెక్క. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు సైబర్ దాడిని గుర్తించిన 6 గంటల్లోపు తెలియజేయాలి, సిస్టమ్ లాగ్‌లను (కంప్యూటర్లో ఎప్పుడు ఏం జరిగిందో తెలిపే రికార్డులను) 180 రోజులు దాచాలి. చిన్న పరిశ్రమలకు ఇది ఆ ఏడాది సెప్టెంబరు 25 నుంచి వర్తిస్తోంది. డబ్బు పోయినప్పుడైతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే, అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబరు గుమాస్తా బల్ల ముందు గోడ మీద రాసి ఉందా అన్నది కూడా పోల్చదగిన అంశమే.

ఈ అంకెలు వేయడానికి, ముఖ్యంగా తేరుకునే గంటలను ఊహించకుండా నిజంగా కొలవడానికి, మిల్లులకు మంచి సమయం ఆగస్టు, సెప్టెంబరు. అప్పుడే బెల్టులు, బేరింగులు మారుస్తారు, రబ్బరు రోల్స్ చూసుకుంటారు. అదే వారంలో ఒక పూట వేరే కంప్యూటర్ తెచ్చి, బీరువాలోని హార్డ్‌డిస్క్ తగిలించి, నిన్నటి బాకీల పట్టిక తెర మీదికి రావడానికి ఎంతసేపు పట్టిందో గోడ గడియారం చూసి రాసుకోవాలి. రొయ్యల ప్లాంటులో అదే పని ఒక లాట్ నంబరుతో చేయాలి. నంబరు ఇచ్చాక చెరువు పేరు, పరీక్ష రిపోర్టు కాగితం మీదికి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవాలి. సార్వా కోతలు నవంబరులో మొదలవుతాయి.